పాత ఆకురాయి, కొత్త ఉలి

లేత్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది కాలేజీ మెషిన్ షాపు. ఆకుపచ్చ పెయింటు, కూలెంట్ వాసన, చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డ ఇరవై మంది. అది ఇనుము కోసే లేత్. కట్టెను తిప్పి చెక్కే లేత్ ఇంకోటుంది, వయసులో దీనికి తాత. దానికి తెలుగులో అచ్చమైన పేరు కూడా ఉంది: తరిమెన. తరిమెన పట్టిన మంచం కోళ్ళు అని పెద్దవాళ్ళు అంటుంటే వినే ఉంటారు, వినకపోతే మీ అవ్వనో తాతనో అడగండి. మా మెకానికల్ సెక్షన్‌లో ఆ మాట ఎవరికీ తెలీదు. నాకు తెలియడంలో నా గొప్పేమీ లేదు. పుంగనూరులో మా మేనమామ బతుకుదెరువు అదే.

ఆయన అంగడికి బోర్డు లేదు. ముందు సగం రేకుల పంచ, వెనక సగం ఇల్లు. మంచం కోళ్ళు, ఊయల కమ్ములు, చపాతీ కట్టెలు, చపాతీ పీటలు, పప్పు గుత్తులు, కవ్వాలు, పిల్లల బొంగరాలు చేస్తాడు. ఒకప్పుడు మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాల వాళ్ళకు నూలు చుట్టే చెక్క బాబిన్లు కూడా చేసి ఇచ్చేవాడు. ప్లాస్టిక్‌వి వచ్చాక అవి ఆగిపోయినాయి. దాని గురించి బాధపడుతూ ఆయన మాట్లాడగా నేను వినలేదు. "ప్లాస్టిక్‌ది నున్నగుంటాది పాపా, పట్టుదారం తెగదు. మంచిదే కదా" అంటాడు.

ఆ అంగట్లో కొన్న వస్తువు దాదాపు ఒక్కటీ లేదు. నేను మెకానికల్ తీసుకోవడానికి సగం కారణం ఆ పంచే.

మిషన్ దగ్గర మొదలుపెడతా. మంచం (లేత్ బెడ్‌ని ఆయన మంచం అనే అంటాడు) రెండు వేప దూలాలు, మధ్యలో మూడంగుళాల సందు. మోటారు మదనపల్లెలో ఒక హోటలు వాళ్ళు అమ్మేసిన పాత పిండి గ్రైండరుది, అర హార్స్‌పవర్, 1440 ఆర్‌పీఎం. పుల్లీలు రెండూ మూడేసి మెట్లవి, 3, 4, 5 అంగుళాలు, ఒకదానికొకటి తలకిందులుగా బిగించి ఉంటాయి. బెల్టును మెట్టు మార్చితే 864, 1440, 2400, మూడు వేగాలు. ఆయనకు ఈ అంకెలు అక్కర్లేదు. "పీటకు పెద్ద చక్రం, కవ్వానికి చిన్న చక్రం" అంతే. నేను ఫస్టియర్‌లో కూర్చుని లెక్కేశా. పది అంగుళాల పీట 864లో తిరిగితే అంచు వేగం సెకనుకు 11 మీటర్ల పైన, అంటే గంటకు 40 కిలోమీటర్లు. అదే పీటను పొరపాటున 2400లో పెడితే గంటకు దాదాపు 115. ముక్క ఊడిందంటే మొహం మీదికి కారు వచ్చినట్టే. కవ్వం కాడ 20 మిల్లీమీటర్లే కాబట్టి 2400లో కూడా గంటకు 9 కిలోమీటర్లు, సైకిలు కంటే నిదానం. పై, వ్యాసం, ఆర్‌పీఎం గుణించడం మనకు పరీక్షలో రెండు మార్కులు. ఆయనకు మూతి పళ్ళు.

ఇంక ఉలులు. ఇక్కడ కాసేపు ఆగుతా, ఎందుకంటే నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

అరిగిపోయిన ఆకురాయి చూస్తే మనం పాత ఇనుములో పడేస్తాం. మామ పడేయడు. మంచి ఆకురాయిలో ఒక శాతం పైనే కార్బన్ ఉంటుంది, అంచు బాగా నిలుస్తుంది. కానీ దాన్ని అలాగే సానపట్టి ఉలిగా వాడితే ప్రమాదం. అది ఇనుమును గీకడానికి చేసింది కాబట్టి గాజంత పెళుసు. తిరిగే కట్టెకు అడ్డం పెట్టినప్పుడు పట్టు తప్పితే మధ్యకు విరిగి ఎగురుతుంది. ఆ పళ్ళు ఉన్నాయే, ఒక్కో గాటూ పగులు మొదలయ్యే చోటే. (స్ట్రెస్ కాన్సంట్రేషన్ అని మనకు చెప్పిన పాఠం, ఒక పాత ఆకురాయి చేతిలో పెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.) అందుకని మామ ముందు పళ్ళన్నీ సానరాయి మీద పూర్తిగా అరగదీస్తాడు. తర్వాత కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలుస్తాడు. చాలిందా లేదా అని చూడటానికి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి కమ్మికి కట్టి పెట్టుకున్నాడు. ఉక్కు అయస్కాంతానికి అతుక్కోవడం మానేసిందంటే ఇంకాస్త కాల్చి నూనెలో ముంచడమే. మునిగినాక అది మళ్ళీ గాజు. అప్పుడు నల్లటి పొర గీకి, మెరిసేలా రుద్ది, వెనక వైపు నుంచి మెల్లగా వేడి చేస్తాడు. రంగులు నడుచుకుంటూ వస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత ఎండుగడ్డి రంగు, ఆ వెనకే గోధుమ, ఊదా, నీలం. ఎండుగడ్డి రంగు కొసకు చేరగానే ముంచేస్తాడు. అది దాదాపు 220 డిగ్రీలు. థర్మామీటరు లేదు, రంగే థర్మామీటరు. వేడికి ఉక్కు మీద ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కనిపించే రంగులవి, నీళ్ళ మీద నూనె చుక్క రంగుల్లాగే. మొదటిసారి చూసినప్పుడు నేను ఇంకోసారి చేయమని మారాం చేశాను. చేసిన ఉలిని మళ్ళీ కాల్చడానికి ఆయన ఒప్పుకోలేదు.

మొరటు పనికి మాత్రం లారీ కమాన్ కట్ట ముక్కే. అందులో కార్బన్ తక్కువ, అంచు త్వరగా మొద్దుబారుతుంది, కానీ వంగుతుందే తప్ప విరగదు. తొక్కతో ఉన్న తుమ్మ మొద్దును గుండ్రం చేసేటప్పుడు ఆ ఓపికే కావాలి. సన్నగా గాడి తీసి తెగ్గొట్టడానికి మిల్లుల్లో వాడే పెద్ద పవర్ హాక్సా బ్లేడు ముక్క. హైస్పీడ్ స్టీలు కాబట్టి సానరాయి మీద నిప్పురవ్వలు రాలేలా పట్టినా పదును చావదు. పిడులన్నీ ఆ మిషన్ మీదే తిప్పిన చింత కట్టె. పిడి చీలకుండా మూతికి పాత ఇత్తడి పైపు ముక్క తొడుగు.

బిగించేందుకు నాలుగు దవడల చక్కు కొనాలంటే వేలల్లో ఉంటుంది. మామ దగ్గర ఉన్నవి వేప కట్టె చక్కులు. ఒక మొద్దును ఫేస్‌ప్లేటుకు మరలతో బిగించి, ముందు వైపు గిన్నెలా తొలిచి, లోపలి గోడను వెంట్రుకవాసి వాలుగా చేస్తాడు. పప్పు గుత్తి తలను అందులోకి కొడితే బిగుసుకుంటుంది. వదులైతే ఒక కాగితం ముక్క. ఇలాంటివి గోడకు ముప్పై దాకా వేలాడుతుంటాయి, ఒక్కోటి ఒక్కో వస్తువుది. వాటి మీద పేర్లు లేవు. ఏది ఎందుకో ఆయనకే తెలుసు.

కవ్వం కాడతో ఒక తంటా ఉంది. రెండడుగుల పొడుగు, బొటనవేలంత లావు. మధ్యలో ఉలి ఆనగానే విల్లులా వంగి అదురుతుంది, కట్టె మీద పాము చర్మంలా గీతలు పడతాయి. దీనికి ఆయన ప్లైవుడ్డులో రంధ్రం కోసి, చుట్టూ పాత సూట్‌కేసు చక్రాలు మూడు బిగించి, కాడ నడుమును వాటి మధ్య పట్టించాడు. ఆసరాల మధ్య దూరం సగమైతే వంపు ఎనిమిదో వంతుకు పడుతుంది, పొడుగు ఘనానికి అనుపాతం కదా. ఎస్‌ఓఎం పరీక్ష ముందు రాత్రి ఆ ఫార్ములా చూసి నాకు గుర్తొచ్చింది ఆ సూట్‌కేసు చక్రాలే.

ఇలా చేసుకోవడం మా మామ ఒక్కడి కథేం కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు మన రాష్ట్ర శకటం మీద అవే. అంకుడు కర్రను తిప్పి, అది తిరుగుతుండగానే లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కట్టెకు పట్టుకుంటుంది. పైన మెరుపు తేవడానికి వాళ్ళు వాడేది ఏ కంపెనీ పాలిషూ కాదు, మొగలి ఆకు. బెంగుళూరు అవతల చన్నపట్నలో కూడా అదే జాతి కట్టె, అదే లక్క, అదే ఆకు. రెండు ఊళ్ళ మధ్య ఇంత దూరం ఉండి చేతికి మాత్రం ఒకే ఆకు దొరకడం నాకు భలే అనిపిస్తుంది. మామ లక్కపని చేయడు. వంటింటి సామానుకు కొబ్బరి నూనె రాస్తాడు, అది కూడా కాగితంతో. గుడ్డతో ఎప్పుడూ రాయడు. తిరిగే కట్టెకు గుడ్డ కొస తగిలితే చుట్టుకుంటుంది, గుడ్డతో పాటు వేళ్ళు పోతాయి. ఆ పంచలో ఉన్న ఒకే ఒక రూలు అది. టవలు భుజాన ఉండకూడదు. నేను వెళ్తే చున్నీ గుమ్మం దగ్గర మేకుకు, జడ చొక్కా లోపలికి. చిన్నప్పుడు ఒక తరుగు చుట్ట ఏరుకుందామని వంగితే మామ అరిచిన అరుపు నాకింకా చెవిలో ఉంది. నన్ను ఆయన తిట్టింది ఆ ఒక్కసారే.

కుప్పం సంగతి ఇక్కడే చెప్పాలి. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో పోతే భాష మారుతూ ఉంటుంది. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే అంగట్లో వినపడతాయి. అక్కడొక పాత్రల అంగడాయన మామ దగ్గర కవ్వాలు తీసుకుంటాడు. ఒకామె వచ్చి మత్తు కావాలంటుంది, ఇంకొకామె కడగోలు అంటుంది, మనం కవ్వం అంటాం. ముగ్గురికీ ఇచ్చేది ఒకటే. ఆ అంగడాయనే నాకు చెప్పాడు, తమిళంలో మజ్జిగ చిలకడానికీ, తరిమెన పట్టడానికీ ఒకే మాటట. కడైదల్. తరిమెన పనిని కడైసల్ అంటారు. విన్నాక బస్సులో వెనక్కి వస్తూ అదే ఆలోచన. స్తంభానికి ఆనించిన కవ్వం, నడుముకు చుట్టిన తాడు, తాడు రెండు కొసలు లాగుతుంటే ఇటొకసారి అటొకసారి తిరగడం. కరెంటు రాకముందు తరిమెన కూడా సరిగ్గా ఇంతే. ఒకరు తాడు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవాళ్ళు. మా అమ్మమ్మ వంటింట్లో లేత్ ఉండింది, దానికి ఉలి ఒక్కటే తక్కువ.

ఇదంతా సరదాగా రాయగలుగుతున్నా గానీ, పోయినేడాది సంక్రాంతి తర్వాత ఆ అంగడి మూతపడాల్సింది.

మామ నడుస్తూ నడుస్తూ పక్కనున్న సైకిలును తగులుకుని పడ్డాడు. తర్వాత ఒకసారి గడప పక్కన బిందె. వయసైపోతోంది అనుకున్నారు, ఆయనకు యాభై ఎనిమిదే. కంటి ఆస్పత్రిలో చూసి నీటికాసులు అన్నారు, అంటే గ్లాకోమా. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి నరం మెల్లగా దెబ్బతింటూ ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే మనిషికి తెలీదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకుంటూ పోవాలి. తోడబుట్టినవాళ్ళు కూడా చూపించుకోవాలని అక్కడి డాక్టరు చెప్పారు. మా అమ్మను లాక్కెళ్ళి చూపించాం. అమ్మకు ఇప్పటికేమీ లేదు, ఏడాదికోసారి రమ్మన్నారు. ఇది చదివే మీ ఇంట్లో ఎవరికైనా ఆ పేరు ఉంటే మీరూ ఆ పని చేయండి.

అత్త ఆ రోజు సాయంత్రమే మిషన్ ప్లగ్ పీకి బీరువాలో పెట్టేసింది. నిజంగానే, వైరు కోసి ప్లగ్ బీరువాలో. "వేళ్ళు పొయ్యినాక నేను తినిపించాల్నా?" అంది. మామ ఏం మాట్లాడలేదు. రెండు వారాలు పంచలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. నేను మదనపల్లె నుంచి శనివారం వెళ్తే అదే కుర్చీ, ఆదివారం బయల్దేరేటప్పుడు అదే కుర్చీ. ఊయల కమ్ములు సగంలో ఉన్నాయి. ఆ బిడ్డకు ఉయ్యాల్లో వేసే రోజు దగ్గర పడిందని వాళ్ళు వచ్చి అడిగిపోయారు.

అత్త మాట తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉలి కొస ఆనే చోటు ఆయనకు నిక్షేపంగా కనిపిస్తుంది. కనిపించనిది ఎడమ పక్క తిరిగే ఫేస్‌ప్లేటు. చూపు ఇరుకైన మనిషికి ప్రమాదం చూపు అంచునే కదా ఉండేది. ఉలి నుంచి కళ్ళు తీయకుండా ఎడమ చెయ్యి చాపితే అది ఎక్కడికి పోతుందో ఆయనకు తెలీదు. నేను అదే మాట మామతో అన్నాను. ఆయన చాలాసేపు తన ఎడమ చేతిని అటూ ఇటూ జరుపుతూ, ఎక్కడ మాయమవుతోందో చూసుకున్నాడు. మాయమైన చోట మంచం దూలం మీద సుద్దముక్కతో గీత గీశాడు. "ఇంగ ఈ గీతకు అవతల నా చెయ్యి పోకుండా ఏమన్నా కట్టు పాపా" అన్నాడు.

అట్లా మొదలైంది. ఎడమ వైపు ఫేస్‌ప్లేటు మొత్తాన్ని మూసేలా పాత మోటార్‌సైకిలు చైన్ కవరు, నీళ్ళ డ్రమ్ము ముక్క కలిపి ఒక గూడు చేశాం. కీలు మీద లేస్తుంది. గూడు లేచి ఉంటే మిషన్ తిరగదు, కింద ఒక స్విచ్ ఉంది.

రెండోది ఆపడం. మన వైపు చచ్చిన బోరు ఉన్న ప్రతి ఇంట్లో ఒక స్టార్టరు డబ్బా మూలపడి ఉంటుంది. సింగిల్ ఫేజుది ఒకటి తెచ్చాం. దాంట్లో ఉన్న గొప్ప సంగతి, కరెంటు పోయి వస్తే తనంతట తను మొదలుకాదు, పచ్చ బటన్ మళ్ళీ నొక్కాల్సిందే. ఎర్ర బటన్‌తో వరుసలో గూడు స్విచ్, కాలి స్విచ్ కలిపా. మిషన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల మీద ఒక కమ్మి, ఎక్కడ తొక్కినా ఆగుతుంది. వైరింగ్‌ను మా హాస్టల్‌లో ట్రిపుల్ఈ అమ్మాయి చేత చెక్ చేయించాకే బిగించా. అదే కమ్మికి బ్రేకు కూడా పెడదామా అంటే మామ తల అడ్డంగా ఊపాడు. "ఉన్నట్టుండి ఆపితే ఫేస్‌ప్లేటు మర ఊడి ఎదురొస్తాది. అది తిరుగుతా ఉండేది బరువుతో, నువ్వు పట్టుకునేది ఇరుసును." ఇనర్షియా అనే మాట వాడకుండా ఇనర్షియా చెప్పడం అంటే అదీ. చివరికి ఫేస్‌ప్లేటును ఇరుసుకు పక్కమరతో బిగించి, పుల్లీకి సైకిలు టైరు ముక్కతో మెత్తటి బ్రేకు పెట్టాం. గబుక్కున ఆగదు, మూడు నాలుగు క్షణాల్లో నిదానంగా ఆగుతుంది.

మూడోది కొలత. సాయంత్రం వెలుగు తగ్గితే స్కేలు గీతలు ఆయనకు ఇప్పుడు కనపడవు. ఇది ఆయనే తలచుకున్నాడు, నేను చేసిందల్లా మా ల్యాబ్‌లో వెర్నియర్ పెట్టి కోయడం. రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకులో నోరు తెరిచినట్టు ఒక సందు. మూతి రెండు వైపులా గుండ్రంగా నున్నగా రుద్దాలి, మొన ఉంటే తిరిగే కట్టె దాన్ని లాక్కుంటుంది. ముందు వైపు కుడిచేత్తో సన్న ఉలి ఆనించి గాడి తీస్తూ, వెనక వైపు ఎడమచేత్తో ఈ రేకును గాడిలో ఆనించి ఉంచాలి. కట్టె కొలతకు రాగానే రేకు టక్కున లోపలికి జారుతుంది. చూడాల్సిన పని లేదు. ఏ రేకు ఏదో తెలియడానికి వెనక గాట్లు. ఒక గాటు 18, రెండు గాట్లు 25, మూడు 32, నాలుగు 40. చీకట్లో కూడా వేలితో చదువుకోవచ్చు. జారినప్పుడల్లా మామ "జారె" అంటాడు, ఎవరికి చెప్తున్నాడో తెలీదు.

ప్లగ్ బీరువాలోంచి రావడానికి ఇవేవీ సరిపోలేదు. అత్త పంచలోకి వచ్చి నిలబడి, మిషన్ ఆన్ చేయించి, మామకు చెప్పకుండా ఎడమ పక్క నుంచి గూడు పైకి ఒక చీపురు కట్ట విసిరింది. గూడుకు తగిలి కింద పడింది. మామ ఉలిక్కిపడి కమ్మి తొక్కాడు. ఆగింది. ఇంకోసారి చెప్పకుండా మెయిన్ ఆపి వేసింది. మిషన్ మళ్ళీ మొదలుకాలేదు. మన ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్స్ ఇంత గట్టిగా వైవా చేయగా నేను చూడలేదు. తర్వాత ఆమె తన షరతులు చెప్పింది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకే. పీటలు వద్దు, సన్న పని మాత్రమే. ఇంట్లో ఇంకో మనిషి లేకుండా పచ్చ బటన్ ముట్టకూడదు. కంటిచుక్కలు వేసుకోని రోజు ప్లగ్ మళ్ళీ బీరువాలోకి. ఇప్పటికి మూడుసార్లు పోయింది, మూడుసార్లూ ఆయనే అడిగి తెచ్చుకున్నాడు.

ఉయ్యాల కమ్ములు పూర్తయ్యాయి. కుప్పం అంగడాయనకు నలభై కవ్వాలు పోయాయి. పెద్ద డబ్బేమీ కాదు, చుక్కల ఖర్చు, బియ్యం ఖర్చు వస్తుంది. పీటలు చేయనందుకు మామ ఇంకా గునుస్తూనే ఉన్నాడు, పది అంగుళాల మామిడి చెక్క ఒకటి మూలన ఆనించి పెట్టుకున్నాడు. అత్త దాన్ని కుండ మీద మూతగా వాడుతోంది.

వచ్చే నెల మళ్ళీ చూపు పరీక్ష ఉంది. అందులో చూపు ఇంకా ఇరుకైనట్టు తేలితే మిషన్ అమ్మేయాలని అత్త, సుద్దగీతను కాస్త ఇటు జరిపితే చాలని మామ. నన్ను ఎటువైపని ఇద్దరూ అడిగారు. నేను రిపోర్టు చూశాకే చెప్తానన్నాను. ఈలోగా కుప్పం నుంచి ఇంకో ఇరవై అడిగారు, ఈసారి కాడ కొంచెం సన్నగా, 16 మిల్లీమీటర్లు కావాలట. దానికి ఐదు గాట్ల రేకు కోసి నా బ్యాగులో పెట్టుకున్నా. శనివారం తీసుకెళ్ళి ఇవ్వాలి.